కాళ్ళ కిందికి వచ్చిన నీడ

మా ఇంట్లో ఒక కథ చాలా ఏళ్ళుగా చలామణిలో ఉంది. నలుగురు చుట్టాలు కూడితే చాలు, మా ఆయన దాన్ని ఎత్తుకుంటాడు. వాళ్ళమ్మ ఒకనాడు మిట్టమధ్యాహ్నం వాకిట్లోకి పోయిందట. కింద చూసుకుంటే నీడ లేదట. నీడ కనబడని మనిషి ఆరునెలల్లో పోతుందని మన దిక్కు అంటారు కాబట్టి ఆమె జడుసుకుని మంచం పట్టిందట. సైన్సు టీచరైన కోడలు భూమి బొమ్మ గీసి, సూర్యుడు నడినెత్తికి ఎట్లా వస్తాడో వివరించేసరికి లేచి కూర్చుని ఇంత అన్నం తిన్నదట. విన్నవాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. చదువు లేని అత్త, చదువుకున్న కోడలు, మధ్యలో వెలిగిన విజ్ఞానం. సర్కారు వాళ్ళు గోడ మీద రాయించుకోవడానికి పనికొచ్చే కథ.

అందులో నిజం రెండు మాటలే: మిట్టమధ్యాహ్నం, నీడ. నేను ఏ భూమి బొమ్మా గీయలేదు. ఆమెకు నేను ఏమీ వివరించలేదు. జడుసుకున్నది నేను. ఇన్నాళ్ళూ ఆ కథను సరిదిద్దకుండా, మెచ్చుకోళ్ళు తీసుకుంటూ కూర్చున్నదీ నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

మా అత్తమ్మది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు పల్లె. సొంతానికి సెంటు భూమి లేని ఇల్లు. నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్ళ గుంపుకు ఆమే గడియారం. చదునైన చోట నిలబడి, తన తల నీడ ఎక్కడ పడిందో అక్కడ ఒకామెతో రాయి పెట్టించేది. తర్వాత మడమకు బొటనవేలు ఆనించుకుంటూ, తన పాదంతోనే ఆ రాయి దాకా అడుగులు వేసేది. నీడ ఇన్ని అడుగులైతే ఇంత పొద్దు. అడుగుల లెక్క నెలనెలకూ మారుతుంది. ఏ నెలలో ఎన్ని అడుగులకు ఇంటికి మళ్ళాలో ఆమెకు నోటికి వచ్చు. పొడుగు మనిషికి నీడ పొడుగైతే పాదమూ పొడుగే కదా, అందుకని గుంపులో ఎవరు కొలిచినా లెక్క ఇంచుమించు ఒకటే వచ్చేది. ఎవరు కనిపెట్టారో గానీ ఇంతకంటే చక్కటి కొలమానం నేను ఏ ప్రయోగశాలలోనూ చూడలేదు. పటేలు చేతికి గడియారం ఉండేదట. ఆ గడియారంలో పొద్దు ఎప్పుడూ ఇంకా కొంత మిగిలే ఉండేదట. ఈమె అడుగులు వేసి, నడుముకు చుట్టిన కొంగు విప్పి దులిపేదట. దాంతో గుంపంతా గట్టెక్కేది.

జడ్చర్లలో మా దగ్గరికి వచ్చి ఉన్నాక కూడా ఆ అలవాటు మానలేదు. మాది బడి ఉద్యోగాల ఇల్లు. గోడకు పెద్ద గడియారం కొన్నాను. ఒక ఆదివారం పన్నెండు కొట్టగానే అన్నానికి పిలిచాను. ఆమె వాకిట్లో నుంచి కదలలేదు.

"ఇంక పన్నెండు గాలె పిల్లా."

"కొట్టింది గద అత్తమ్మా, ఇనపడలేదా?"

"అది కొట్టింది. పొద్దు కొట్టలె. నీడ ఇంక కిందికి దిగుతనే ఉన్నది, సూడరాదు?"

నేను వాదం వదిలే రకం కాదు. స్కేలు తెచ్చి నిట్టనిలువుగా పట్టుకుని ఎండలో కూర్చున్నాను. పన్నెండు దాటాక పది నిమిషాలు, పదిహేను నిమిషాలు, నీడ తగ్గుతూనే పోయింది. ఇరవై దాటాకగానీ మళ్ళీ పెరగడం మొదలు కాలేదు. నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చేశాను. దేశం మొత్తానికి గడియారం దిద్దే గీత కాకినాడ దగ్గరగా పోతుందని, పడమటికి పోయేకొద్దీ అసలు మధ్యాహ్నం ఆలస్యమవుతుందని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా నా వాకిట్లో పన్నెండంటే పన్నెండే అనుకుంటూ ఇరవై ఏళ్ళు బతికాను.  అత్తమ్మ లేచి కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకుంది. అది నాకు కారం పూసినట్టు ఉండింది.

మర్నాడు స్టాఫ్ రూములో ఈ మాట చెప్తే మా లెక్కల సారు పడీపడీ నవ్వాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, జడ్చర్ల బజారులోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం వాళ్ళది. "మేడం, తెలంగాణ వచ్చి నాలుగేండ్లాయె. పన్నెండు మాత్రం ఇంక కాకినాడల్నే కొడ్తుంది" అన్నాడు. తర్వాత నెమ్మదిగా వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. ఆయన దర్జీ. మిషను పక్కన ఒక కర్ర పాతి ఉంచేవాడట. మధ్యాహ్నం ఆ కర్రకు ఎంత నీడ ఉందో గుర్తు పెట్టుకుని, ఆ మిగులు మీద నీడ ఇంకో కర్రంత పెరిగినప్పుడు సాయంత్రం చేసే అసర్ నమాజుకు లేచేవాడట. "మీ అత్తమ్మకు పని ఇడిశే యాళ్ళ, మా అబ్బాకు దువా చేసే యాళ్ళ. నీడ ఒక్కటే" అన్నాడు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. ఇక్కడి నుంచి నాకు బాగుండదు.

ఆ జూలైలో స్నానం చేస్తుంటే ఎడమ చంక కింద, రొమ్ము అంచు దగ్గర ఒక గడ్డ చేతికి తగిలింది. శెనగగింజ కంటే కొంచెం పెద్దది. ముట్టుకుంటే జారేది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే మంచిది కాదని ఎక్కడో చదివాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్తే ఆ సాయంత్రానికల్లా మూడు జిల్లాల్లో తెలిసిపోతుంది. సగం రోజు సెలవు పెట్టి మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు బస్సులో పోయాను. డాక్టరమ్మ సూదితో కొంచెం తీసి సీసాలో పెట్టింది. ఫలితం ఆగస్టు మధ్యలో వస్తుందంది. చీటీ మీద తేదీ రాసిస్తూ, "వచ్చేటప్పుడు తోడు ఎవరినైనా తీసుకుని రండి" అంది.

ఆ ఒక్క మాటను నేను ఎన్ని రకాలుగా విడదీసి చూశానో. తోడు ఎందుకు? అందరికీ అంటారా, నాకే అందా? అనేటప్పుడు చీటీ వైపు చూసిందా, నా వైపు చూసిందా? బోర్డు మీద సూత్రం రాస్తూ మధ్యలో ఆగి ఆ మాటే తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. పిల్లలు టీచర్, టీచర్ అని పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. ఇంట్లో క్యాలెండరు మీద ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. ఏంటది అని మా ఆయన అడిగితే బడి తనిఖీ అన్నాను.

సరిగ్గా అప్పుడే బడికి కాగితం వచ్చింది. మన జిల్లాలో సూర్యుడు సంవత్సరానికి రెండుసార్లు, మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి నడినెత్తి మీదుగా పోతాడు. అప్పుడు నిట్టనిలువుగా ఉన్న దేనికీ నీడ పక్కకు పడదు. మేలో బడి ఉండదు కాబట్టి ఆగస్టులో పిల్లలకు చూపించమని దాని సారాంశం. నాకు ఉత్సాహం వచ్చింది. దాచుకోను. భయంలో ఉన్న మనిషికి చేతినిండా పని దొరకడం ఎంత సుఖమో.

ముందు రోజు పిల్లలతో గ్రౌండు ఊడిపించి, నీళ్ళు చల్లించి చదును చేయించాను. మధ్యలో పైపు పాతించి, గుండు కట్టిన దారంతో నిలువు సరిచూశాను. మర్నాడు పొద్దున తొమ్మిది నుంచి అరగంటకోసారి నీడ కొస దగ్గర ఒక ముగ్గుచుక్క పెట్టాలని ఆడపిల్లలకు అప్పగించాను. చుక్కలను కలిపితే పొద్దు నడిచిన దారి వస్తుంది. వాళ్ళు అక్కడితో ఊరుకుంటారా? ఆ చుక్కల వరసకు అటూ ఇటూ తీగలు అల్లారు, పైపు చుట్టూ రేకులు వేశారు. మా హెడ్మాస్టరు వచ్చి సైన్సులో ఈ ముగ్గులేంటని అడిగాడు. లెక్కల సారు అందుకుని, "సార్, గీతలు కలిపితె అది జామెట్రీ, అలుకు చల్లితె అది ముగ్గు. మీరు ఏదన్న ఒకటి అనుకోండి" అన్నాడు. పొద్దున ఇంటి నుంచి వచ్చేటప్పుడు అత్తమ్మకు కూడా గొప్పగా చెప్పాను: మధ్యాహ్నం అన్నానికి ముందు వాకిట్లో నీ నీడ కొలుచుకో, నీకొక తమాషా చూపిస్తానని. నీడ పోతుందని మాత్రం చెప్పలేదు. ఆమెను ఆశ్చర్యపరచాలని. నిజం చెప్పాలంటే, గడియారం సంగతికి బదులు తీర్చుకోవాలని.

ఆగస్టు కదా, పదకొండు గంటలకల్లా మబ్బు పట్టింది. నీడ మొత్తమే పోయింది. దానికి ఎవరూ భయపడలేదు, నేనూ భయపడలేదు. మబ్బు వల్ల నీడ పోతే అది వాతావరణం. పన్నెండుంబావు దాటాక ఒక పక్క నుంచి మబ్బు విడింది. ఎండ ఒక్కసారిగా కొట్టింది. పిల్లలంతా పైపు చుట్టూ వంగారు. నీడ వేలెడంత ఉంది, గోరంత ఉంది, పైపు మొదట్లోకి దూరింది. ఆ తర్వాత లేదు. చప్పట్లు కొట్టారు. సారు జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని, పైపు వైపే చూస్తూ ఏదో చదువుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఈ రోజు తన తండ్రి కర్రకు కలుపుకోవడానికి మిగులే ఉండేది కాదని చెప్పాడు. 

అప్పుడే ముందు వరసలో ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి నా కాళ్ళ వైపు చూపిస్తూ అంది.

"టీచర్, మీ నీడ పోయింది."

చూశాను. కాళ్ళ చుట్టూ చిన్న నల్లటి మరక. అంతే. తల లేదు, భుజాలు లేవు. వెంటనే మా అవ్వ గొంతు వినబడింది. అది గుర్తుకు రావడం కాదు, వినబడడమే.

మా పుట్టిల్లు చిట్యాల పక్క ఊరు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మా ఇంటి వెనక ఒకాయన జబ్బు చేసి చిక్కిపోయాడు. మా అవ్వ ఆయన్ను పట్టుకుని ఎండలో నిలబెట్టి నేల మీద చూసింది. ఇంట్లోకి వచ్చాక మా అమ్మతో, "నీడల తలకాయ కానొస్తలేదు. ఆర్నెల్లు" అంది. అది ఏ వేళప్పుడో, ఆమె ఏం చూసిందో నాకు తెలియదు. ఆయన పోయింది మాత్రం తెలుసు. ఆ తర్వాత చాలా రోజులు నేను బడి నుంచి వస్తూ రెండడుగులకోసారి వెనక్కి తిరిగి నా తల ఉందో లేదో చూసుకునేదాన్ని. చదువు ఆ మాట మీద గచ్చు వేసింది. పైన నడిచినన్నాళ్ళు గట్టిగానే ఉండింది.

ఆ అమ్మాయికి జవాబు చెప్పాను. అరవైమంది పిల్లలకు సూర్యుడు ఉత్తరానికి ఎంతవరకు పోతాడో, ఎప్పుడు మళ్ళుతాడో, కర్కాటక రేఖ అవతలి వాళ్ళకు ఈ భాగ్యం ఎందుకు లేదో తప్పు లేకుండా చెప్పాను. ఒక్క పదం తడబడలేదు. చెప్తున్నంతసేపు నా కుడిచెయ్యి ఎడమ చంక కింద ఉంది. నేను చెప్తున్న ప్రతి ముక్కా నిజమని నాకు తెలుసు. ఇది నా ఒక్కదాని నీడ కాదని, పక్కన నిలబడ్డ సారుకూ లేదని, పైపుకూ లేదని తెలుసు. తెలిసి కూడా ఆ చెయ్యి అక్కడి నుంచి తీయలేదు. పైపుకు గడ్డ లేదు కదా అని ఒక ఆలోచన వచ్చింది. అది ఎంత తెలివితక్కువ ఆలోచనో అంతగానూ పట్టుకుంది.

ఇంటికి వచ్చి పడుకున్నాను. అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. ఏమైంది, తలనొప్పా అని అడగలేదు.

"కొలిశిన పిల్లా. ఒక్క అడుగు గూడ రాలె" అంది.

నేను కదా తమాషా చూపిస్తానన్నది, చెప్పాలి.  తర్వాత చెప్తాలే అన్నాను. ఆమె నన్నే చూస్తూ ఇంకో మాట అడిగింది.

"నీది సూసుకున్నవా?"

గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ రాత్రి నేను తినలేదు. ఆమె కూడా తినలేదు. మరునాడు పొద్దున మా ఆయనను పిలిచి, తనకు నీడ పోయిందని, గుండెల్లో దడ పుట్టిందని, ఇక తాను బతకనని చెప్పింది. కథ పుట్టింది ఇక్కడ. ఆయన లబలబలాడిపోయాడు. అప్పుడే కారు మాట్లాడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఇప్పుడు గాదు. గా బేస్తారం పోదాం. గీ పిల్ల ఒక్కతే తోడు రావాలె. నువ్వు రాకు, నువ్వు ఆడ లొల్లి చేస్తవు."

గా బేస్తారం అంటూ ఆమె చూపించింది క్యాలెండరు మీద నేను చుట్టిన సున్నాను. ఆమెకు అక్షరాలు రావు. సున్నా మాత్రం ఎవరికైనా కనబడుతుంది.  ఈ ముసలామెకు ఎంత తెలుసు? ఎప్పటి నుంచి తెలుసు? స్నానాలగదిలో నేను ఎక్కువసేపు ఉండడం చూసిందా, ఎడమచేత్తో బిందె ఎత్తకపోవడం చూసిందా? అడగలేదు. అడిగితే చెప్పవలసి వస్తుంది.

ఆ పది రోజులు నేను బడికి పోయి వస్తుండేదాన్ని. ఒకరోజు మా ఆయన విసుక్కున్నాడు. గుండెదడ ఉన్న మనిషి రోజూ మిట్టమధ్యాహ్నం తన కట్టె పట్టుకుని వాకిట్లో నిలబడుతుందట. నేల వైపే చూస్తుందట. వద్దంటే వినదట. నువ్వన్నా చెప్పు అన్నాడు. చెప్పలేదు. ఆమె చావు కోసం చూసుకుంటున్నదనుకున్నాను. నా భయంతో నాకే తీరిక లేదు.

ఆ గురువారం ఇద్దరం మహబూబ్‌నగర్ బస్సెక్కాము.  దవాఖానలో ఆడవాళ్ళ వరస పొడుగ్గా ఉంది. బల్ల మీద ఆమె నా ఎడమ పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. నా పేరు పిలిచినప్పుడు లేచి, అడగకుండానే నాతో పాటు లోపలికి వచ్చింది. డాక్టరమ్మ కాగితం తిప్పింది. ఆ తిప్పడానికి పట్టిన కాలాన్ని నేను అడుగుల్లో కొలిస్తే కృష్ణ దాకా పోయేది. కొవ్వుగడ్డ అంది. భయపడవలసింది కాదు, పెరిగితే తీసేద్దాం, లేకపోతే ఉండనీ అంది. నేను నిలబడే ఉన్నాను. ఏం అడగాలో తెలియక, తోడు ఎందుకు తెమ్మన్నారని అడిగాను. ఆమెకు గుర్తులేదు. "మళ్ళీ సూది గుచ్చవలసి వస్తే కొంతమందికి కళ్ళు తిరుగుతాయి, అందరికీ చెప్తాం" అంది.

బయటికి వచ్చాక అత్తమ్మ గుండె సంగతి గుర్తొచ్చింది. చీటీ రాయించుకుందామన్నాను. వద్దంది. దడ పోయిందట. ఎప్పుడు పోయిందంటే, ఇప్పుడేనంది. దవాఖాన ముందు ఎండలో ఆగి, చేతిలోని కట్టెను నేల మీద నిట్టనిలువుగా నిలబెట్టింది. సరిగ్గా మధ్యాహ్నం, అంటే మా మధ్యాహ్నం. కట్టె మొదట్లో ఉత్తరం పక్కకు రెండు వేళ్ళంత నీడ పడింది.

"సూడు. మొన్నటి దాంక పగటీలి నీడ దచ్చినం దిక్కు పడుతుండె. యముని దిక్కు. నడుమల ఒక్కనాడు కాళ్ళ కిందికొచ్చింది. ఇగ ఇటు మర్లింది. దినదినం ఇటే పెరుగుతది."

 అది అక్షరాలా నిజం. మే మొదటి నుంచి ఆగస్టు మొదటి దాకా మా దగ్గర సూర్యుడు మధ్యాహ్నం వేళ నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. నడినెత్తి దాటి వెనక్కి వచ్చాక ఉత్తరానికి మళ్ళుతుంది. పిల్లలకు నేను అంత పెద్ద ఉపన్యాసం ఇచ్చి కూడా చెప్పని ముక్క అది. ఆమె దానికి యముణ్ణి కలిపింది. ఆ కలపడంతోనే నాకు ఊపిరి ఆడింది. నా పాఠం నన్ను నిలబెట్టలేదు. రెండు వేళ్ళ నీడ నిలబెట్టింది.

కథ ఇక్కడ ఆగితే మా ఆయన చెప్పేదాని కంటే కొంచెం మంచి కథ అయ్యేది. కానీ నా భయం అక్కడ ఆగలేదు. కాగితాలు తారుమారై ఉంటాయని ఒకసారి, సూది గడ్డకు తగలక పక్కన గుచ్చుకుందని ఒకసారి మనసు చెప్తూనే ఉండేది. మూఢనమ్మకాల మీద బాలికల సభలో అరగంట దంచిన దాన్ని, ఆరు నెలలు లెక్కపెట్టాను. ఫిబ్రవరి మొదటి వారానికి గడువు. రోజూ పొద్దున బడి గేటు దగ్గర ఆగి, చెప్పు సరిచేసుకున్నట్టు వంగి, నేల మీద నా తల ఉందో లేదో చూసుకుని లోపలికి పోయేదాన్ని. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న భయం ఇంకొకటి.

రాఖీ పున్నమి అయిన రెండు రోజులకు వాకిలి చౌకట్టు పక్కన, కింద మూలకు, జాజుమన్నుతో పెట్టిన ఒక ఎర్రచుక్క కనబడింది. గడపకు జాజు పూస్తూ చెయ్యి జారిందనుకున్నాను. తర్వాత రెండు అయ్యాయి. దీపావళి పనుల్లో మూడోదాన్ని గుడ్డతో తుడవబోతే అత్తమ్మ కసిరింది. ఏ మొక్కుబడో అనుకుని వదిలేశాను.

జనవరి చివర్లో ఒక సాయంత్రం వంటింట్లో జొన్నరొట్టె చేస్తున్నాను. ఆమె వచ్చి గడప మీద కూర్చుంది.  తర్వాత మామూలుగా, పాలు విరిగాయన్నంత మామూలుగా అంది.

"ఆరు పున్నాలు ఎల్లిపోయినయి పిల్లా. ఇగ కడుపు నిండ తిను."

నేను వెనక్కి తిరగలేదు. పిండి చేతులతోనే, వాదించే అలవాటు కొద్దీ, ఆలోచించకుండా అనేశాను.

"యాడ ఎల్లినయి అత్తమ్మా? ఆర్నెల్లు గావాలంటె ఇంక పది దినాలున్నయి."

 రొట్టె పెనం మీద మాడుతున్న వాసన. ఆరు నెలలు దేనికని ఆమె అనలేదు. నేను అడగలేదు. అడగకుండానే రోజులతో సహా జవాబు చెప్పాను. తిరిగి చూస్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. అవి నవ్వుతో వచ్చినవో కాదో చెప్పలేను.

"టీచరమ్మకు ఇంగిలీసు నెలలు. నాకు పున్నాలు. నాయి జెల్ది ఒడుస్తయి" అంది.

చౌకట్టు మూల ఎర్రచుక్కలు అప్పటికి ఆరు, పున్నమికొకటి. పున్నమికీ పున్నమికీ ఇరవైతొమ్మిదిన్నర రోజులు. ఆరింటికి నూటడెబ్భైయేడు. నా క్యాలెండరు కంటే వారం తక్కువ, పైగా ఆమె మొదటి పున్నమి నెల తిరక్కుండానే వచ్చింది. ఆమె లెక్కలో నేను అప్పటికే గట్టెక్కాను, నా లెక్కలో ఇంకా నీళ్ళలో ఉన్నాను. ఆ పూట నాలుగు రొట్టెలు తిన్నాను. మాడిందీ తిన్నాను. అయినా ఫిబ్రవరి మొదటి వారం దాటేదాకా గేటు దగ్గర చెప్పు సరిచేసుకోవడం మానలేదు.

ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి. చూపు మసకబారింది. నీడ అంచు ఎక్కడ తెగుతుందో కనబడదు. కావాలంటే నేనే పక్కన నిలబడి కొలిచి చెప్తాను. లెక్కల సారు రిటైరయ్యాక కూడా ఆగస్టులో ఒకపూట బడికి వచ్చి పైపు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడి పోతాడు. గడ్డ అట్లాగే ఉంది. అప్పుడప్పుడు చెయ్యి దాని మీదికి పోతుంది.

నాకు తేలనిది ఒకటి మిగిలింది. యాభై ఏళ్ళు నీడ కొలిచిన మనిషికి సంవత్సరానికి రెండుసార్లు అది కాళ్ళ కిందికి వస్తుందని తెలియకుండా ఉంటుందా? తెలిస్తే ఆ గుండెదడ అబద్ధం. నా కోసం ఆడిన నాటకం. చుక్కలు కూడా నా కోసమే పెట్టింది, నేను లెక్కపెడుతున్నానని కనిపెట్టి. కానీ ఇంకో లెక్క కూడా సరిపోతుంది. పొలంలో నడిపొద్దున ఎవరు కొలుస్తారు? అది అన్నాల వేళ, చెట్టు కింద ఉంటారు. మేలో కూలి ఉండదు, ఆగస్టులో మబ్బు. జడ్చర్ల వాకిట్లో నడిపొద్దు నీడ చూసినా, అది పూర్తిగా కాళ్ళ కిందికి వచ్చే రోజు ఆమె కంటపడి ఉండకపోవచ్చు. నేను తమాషా అని చెప్పి నిలబెట్టినందుకే ఆ రోజు కొలిచి, అడుగు రాక నిజంగానే జడుసుకుని ఉండవచ్చు. అట్లా అయితే ఆ పది రోజులు కట్టె పట్టుకుని ఎండలో నిలబడి, నీడ ఎటు మళ్ళుతుందో తనంతట తానే కనిపెట్టింది. తన చావు భయం తన దగ్గరే పెట్టుకుని నాకు తోడు వచ్చింది. అట్లా అయితే నేను గొప్పకు పోయి ఆమెకు ఆరు నెలల నరకం చూపించాను. ఆ ఆరు నెలల్లో ఒక్కసారైనా ఆమెను భయమైతుందా అని అడగలేదు.

ప్రతి ఆగస్టుకూ అడుగుతున్నాను. "నువ్వే చదువుకున్నవు గద, నువ్వే చెప్పు" అంటుంది.  ఆమె వెళ్ళిపోయేలోపు నాకు జవాబు కావాలి. చౌకట్టుకు రెండుసార్లు రంగులు వేయించినా ఆ మూల మాత్రం వదిలేయించాను.

ఆ ఆరు చుక్కలు ఎవరివి అత్తమ్మా, నావా, నీవా?